ఏఐ ప్రాజెక్టు మేనేజరుకు మనుషులతో ఏం పని?

2019లో గార్ట్‌నర్ సంస్థ ఒక జోస్యం చెప్పింది. 2030 కల్లా ప్రాజెక్టు మేనేజర్లు చేసే పనుల్లో 80 శాతం ఏఐ చేతికి వెళ్లిపోతాయట. లెక్కలు సేకరించడం, గడువులు చూసుకోవడం, వారం వారం స్టేటస్ రిపోర్టు పంపడం లాంటివన్నమాట. జోస్యం సంగతి ఎలా ఉన్నా, 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటానని ప్రకటించినప్పుడు వేటు ముఖ్యంగా మధ్య, పై స్థాయి ఉద్యోగుల మీదేనని చెప్పేసింది. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోలకపోవడం వల్ల అని యాజమాన్యం వివరణ. మాదాపూర్, గచ్చిబౌలి క్యాంటీన్లలో ఆ వివరణ చాలామందికి మింగుడుపడలేదు. పదిహేనేళ్ల అనుభవం, కూకట్‌పల్లిలో ఫ్లాటు, దాని మీద ఈఎంఐ ఉన్న డెలివరీ మేనేజర్‌కు వివరణలతో ఒరిగేదేముంది?

అదే మార్కెట్లో ఇప్పుడు ‘ఏఐ ప్రాజెక్టు మేనేజర్’, ‘ఏఐ ప్రోగ్రామ్ మేనేజర్’ అనే కొత్త కొలువులు కనిపిస్తున్నాయి. ఉన్న ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లకూ, కొత్తది కావాలనుకునేవాళ్లకూ అందుతున్న సలహా ఒక్కటే: యంత్రానికి చేతకానిది మనుషులతో వ్యవహరించడం, కాబట్టి అటు మళ్లండి అని. వినడానికి బాగుంటుంది. తీరా ఆచరణలోకి వచ్చేసరికి ఆ వ్యవహారం నెలకోసారి టీమ్ లంచ్, పుట్టినరోజు కేకు, అప్రైజల్‌లో నాలుగు మంచి మాటల దగ్గర ఆగిపోతుంది. ఏఐ ప్రాజెక్టులు ఎక్కడ దెబ్బతిన్నాయో, ఎక్కడ నిలబడ్డాయో గత పదేళ్ల అనుభవాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే తేలేది వేరు. ఈ పనిలో మనుషులు మూడు చోట్ల ఉంటారు: టీమ్ లోపల, డేటా వెనకాల, ఫలితం వెళ్లి పడేచోట. మన చర్చంతా మొదటి చోటే తిరుగుతోంది. ప్రాజెక్టులు ఎక్కువగా కూలుతున్నది మిగతా రెండు చోట్ల. ఈ వృత్తిలో నిలబడాలనుకునేవాళ్లు ఆ రెండు చోట్లకూ స్వయంగా వెళ్లాలి, అక్కడ చూసినదాన్ని బట్టి అవసరమైతే పని ఆపించగల స్థానం సంపాదించుకోవాలి అని నా వాదన.

నిజానికి మనుషుల గొడవ సాఫ్ట్‌వేర్ రంగానికి కొత్తేమీ కాదు. ఐబీఎంలో సిస్టమ్/360 ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ రాశారు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకొందరిని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చారు. క్లయింట్ గొంతు పెంచినప్పుడల్లా బెంచ్ మీదున్నవాళ్లను తెచ్చి పోసే మన సర్వీసు కంపెనీలకు ఆ పుస్తకం ఇంకా అందినట్టు లేదు. 1987లో టామ్ డిమార్కో, తిమోతీ లిస్టర్ రాసిన ‘పీపుల్‌వేర్’ ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రాజెక్టుల చిక్కులు సాంకేతికం కన్నా సామాజికమే ఎక్కువ అంది. 2001లో అమెరికాలోని యూటా కొండల్లో 17 మంది కూర్చుని రాసిన అజైల్ ప్రకటన మొదటి సూత్రమే పద్ధతులు, పనిముట్ల కన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటామంతీ మిన్న అని. అది కాలక్రమంలో పొద్దున్నే నిలబడి చదివే హాజరుపట్టీగా మారిపోవడం వేరే కథ.

మరి ఏఐలో కొత్తగా వచ్చిపడిందేమిటి? పాత సాఫ్ట్‌వేర్‌కు ఒక సుఖం ఉండేది. బ్యాంకులో వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రామ్ రాస్తే సరైన జవాబు ఏమిటో ముందే తెలుసు. తేడా వస్తే బగ్, సరిచేస్తే పోతుంది. మోడల్ తీరు అది కాదు. నూటికి తొంభైసార్లు సరిగా చెబుతుంది, మిగతా పదిసార్లు అంతే ధీమాగా తప్పు చెబుతుంది. ఆ పది ఎవరి మీద పడతాయి, పడితే ఎంత నష్టం, ఎన్ని తప్పుల దాకా ఓర్చుకోవచ్చు? ఈ ప్రశ్నలకు కోడ్‌లో జవాబు దొరకదు.

మిర్చి తోటనే తీసుకుందాం. ఆకు ఫొటో చూసి చీడ ఏమిటో చెప్పే యాప్ తయారు చేయాలనుకోండి. మిర్చి ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రైతులు పై ముడత, కింది ముడత అంటారు. రెంటికీ కొట్టాల్సిన మందులు వేరు. నిలబడి పైనుంచి సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలో ముడత కనిపిస్తుంది గానీ ఏ వైపుకో చాలాసార్లు తెలియదు. ఆకును తిప్పి అడుగుభాగం చూడాలి. గుంటూరు వైపో ఖమ్మం వైపో ఏ కౌలురైతును అడిగినా ఈ సంగతి చెబుతాడు. ఏసీ గదిలో కూర్చుని ఫొటోలకు లేబుల్ వేసే బీటెక్ కుర్రాడికి అది తెలిసే దారి లేదు, అతను రెంటికీ ‘ఆకుముడత’ అని ఒకే లేబుల్ తగిలిస్తాడు. మోడల్ ఆ లేబుల్‌ను బుద్ధిగా నేర్చుకుంటుంది, పరీక్షలో మంచి మార్కులూ తెచ్చుకుంటుంది. డాష్‌బోర్డు అంతా పచ్చగా ఉంటుంది. రైతు మాత్రం నల్లి పట్టిన తోటకు తామర పురుగు మందు కొడతాడు. ఆకు తిప్పి ఇంకో ఫొటో తీయాలి అన్న ఒక్క వాక్యం లేబులింగ్ సూచనల్లో ఉంటే ఈ గొడవే ఉండదు. ఆ వాక్యం రాయాలంటే ప్రాజెక్టులో ఎవరో ఒకరు ఒక పూట తోటలో గడిపి ఉండాలి.

కథ అక్కడితో ఆగదు. 2021 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల మిర్చి మీద కొత్త జాతి తామర పురుగు విరుచుకుపడింది. పాత పురుగులా ఆకులతో సరిపెట్టుకోకుండా పూలలో చేరి పూత రాల్చేసింది. 2020 ఫొటోలతో నేర్చుకున్న మోడల్ ఏదైనా ఉంటే దానికి అసలు అలాంటి పురుగు లోకంలోనే లేదు. బయట పరిస్థితి మారి మోడల్ పాతబడిపోవడాన్ని డేటా సైంటిస్టులు డ్రిఫ్ట్ అంటారు. వాళ్ల గ్రాఫులో గీత కిందికి వంగే సరికి తోటలోవాళ్లకు సంగతి ఎప్పుడో తెలిసి ఉంటుంది. తోటలోంచి వచ్చే ఆ ఫోన్ ఎత్తాల్సిన మనిషి ఎవరో ప్రాజెక్టు ప్లాన్‌లో రాసి ఉండాలి. చాలా ప్లాన్లలో ఆ గడి ఉండదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు, అధ్యయనాలూ ఇదే చెబుతున్నాయి. అమెరికాలోని ర్యాండ్ సంస్థ 2024లో 65 మంది అనుభవజ్ఞులైన డేటా సైంటిస్టులను, ఇంజినీర్లను పిలిచి ఏఐ ప్రాజెక్టులు ఎందుకు పోతున్నాయని అడిగింది. వాళ్లు చెప్పిన మూల కారణాల్లో మొదటిది ఏ సమస్యను పరిష్కరించాలో సరిగా అర్థం చేసుకోకపోవడం, అర్థమైనా రెండో వాళ్లకు సరిగా చెప్పలేకపోవడం. వాడేవాళ్ల అవసరం పక్కన పెట్టి కొత్త టెక్నాలజీ వెంటపడటం కూడా ఆ జాబితాలో ఉంది. అదే నివేదికలోంచి ‘80 శాతం ఏఐ ప్రాజెక్టులు విఫలం’ అన్న ముక్కను ఎత్తి అందరూ స్లైడ్లలో పెట్టుకుంటున్నారు. ఆ అంకె ర్యాండ్ సొంతంగా లెక్కగట్టింది కాదు, కొన్ని అంచనాల ప్రకారం అని ఉటంకించింది మాత్రమే. ఇలాంటి శాతాలతో భయపెట్టేవాళ్లను చూసి ఒక అడుగు వెనక్కి వేయడం మంచిది.

2021లో గూగుల్ పరిశోధకులు భారత్, ఆఫ్రికా, అమెరికాల్లో ఆరోగ్యం, వ్యవసాయం, రుణాల వంటి రంగాల్లో ఏఐ పని చేస్తున్న 53 మందితో మాట్లాడారు. వాళ్లలో 92 శాతం మంది, మొదట్లో డేటాలో దొర్లిన చిన్న లోపం ఎక్కడో చివర్లో పెద్ద నష్టంగా బయటపడిన అనుభవం కనీసం ఒక్కసారైనా ఎదురైనవాళ్లే. అందరూ మోడల్ పనే చేస్తామంటారు, డేటా పని ఎవరికీ వద్దన్న వాపోత ఆ పత్రం శీర్షికలోనే ఉంది. డేటా పనికి పేరు రాదు, ప్రమోషన్ రాదు. మన దగ్గర అయితే ‘డేటా ఎంట్రీ’ అని చిన్నచూపు కూడా. ఈ చిన్నచూపును సరిచేయగలిగేది పనుల పంపకం, అప్రైజల్ రెండూ చేతిలో ఉన్న మేనేజరే.

ఇక ఫలితం వెళ్లి పడేచోటు. థాయ్‌లాండ్ ఉదంతాన్ని ఏఐ ప్రాజెక్టుల్లోకి వచ్చే ప్రతి ఒక్కరూ చదవాలంటాను. మధుమేహం వల్ల కంటి రెటీనా దెబ్బతినడాన్ని ఫొటో చూసి పట్టే గూగుల్ మోడల్ మీద 2016లో పేరున్న వైద్య పత్రికలో పత్రం వచ్చింది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి లాంటి భారతీయ సంస్థల ఫొటోలూ ఆ పరిశోధనలో ఉన్నాయి. ప్రయోగశాలలో దాని కచ్చితత్వం 90 శాతం పైమాటే. థాయ్‌లాండ్‌లో మధుమేహులు 45 లక్షల దాకా ఉంటే రెటీనా నిపుణులు 200 మంది. నర్సులు తీసి పంపిన ఫొటో మీద నిపుణుడి మాట తిరిగి రావడానికి పది వారాలు కూడా పట్టేది. మోడల్ నిమిషాల్లో చెప్పేస్తుంది. ఇంతకన్నా మంచి అవకాశం ఉంటుందా?

11 క్లినిక్‌లలో పెట్టి చూశారు. తొలి ఆరు నెలల్లో వచ్చిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని మోడల్ పనికిరావని తిప్పికొట్టింది. ఎందుకంటే రెటీనా ఫొటో చీకటి గదిలో తీస్తేనే బాగా వస్తుంది. చాలా క్లినిక్‌లలో అలాంటి గది లేదు, ఉన్న గదిలోనే మిగతా పరీక్షలన్నీ జరుగుతుంటాయి. కొంచెం మసక ఉన్నా ఆ నర్సులు ఫొటో చూసి ఫర్వాలేదనగలరు, మోడల్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే నిబంధన ప్రకారం రోగిని వేరే ఆసుపత్రికి పంపాలి. అంటే ఆ మనిషికి ఒక పూట కూలి పోతుంది, చార్జీలు పెట్టుకోవాలి, తీరా వెళితే కన్ను బాగానే ఉండొచ్చు. ఒక క్లినిక్‌లో ఇంటర్నెట్ రెండు గంటలు పోయి, ఆ రోజు 200 మందికి చేయాల్సిన పరీక్ష వందమందికే అయింది. కొందరు నర్సులు రోగులకు నచ్చజెప్పి ఇందులో చేరవద్దనే దాకా వెళ్లారు. ఇన్నిట్లో మోడల్ తప్పు చెప్పిన సందర్భం ఒక్కటీ చెప్పలేదు నేను, గమనించండి. గది, వెలుతురు, వైరు, కూలి: ఇవీ ప్రాజెక్టుకు అడ్డుపడినవి. చెప్పుకోదగ్గ విషయం, ఇదంతా బయటపెట్టింది ఆ కంపెనీ పరిశోధకులే. వాళ్లు క్లినిక్‌లకు వెళ్లి నర్సుల పక్కన కూర్చుని చూశారు, చూసింది 2020లో పత్రంగా రాశారు. ఆ పని చేసినవాళ్లలో ప్రాజెక్టు నడిపే లక్షణం నాకు కనిపిస్తుంది. వాళ్లు వెళ్లింది మోడల్ తయారయ్యాక అన్నదొక్కటే వెలితి.

తప్పు మన ఇంటి దగ్గర పడినప్పుడు ఎలా ఉంటుందో తెలంగాణ ‘సమగ్ర వేదిక’ చూపించింది. వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామా పోలికలతో కలిపి ఒక్కో మనిషి ఆస్తిపాస్తులు తేల్చే వ్యవస్థ ఇది. 2024 జనవరిలో ఆల్ జజీరా పరిశోధనాత్మక కథనం ప్రకారం 2014–2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షల ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి, 1.42 లక్షల కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి, నోటీసు కూడా లేకుండా. అన్నీ ఈ అల్గారిథమ్ వల్లే పోయాయనలేం. కానీ రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు మీద కారున్నట్టు చూపించి ఆ కుటుంబానికి రేషన్ ఆపేసింది ఈ పోలికల లెక్కే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. ఆ జులై నాటికి పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు అర్జీల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే కనీసం 7.5 శాతం. కంప్యూటర్ తెర మీద 7.5 శాతం చిన్న అంకె. డీలర్ దగ్గరికి సంచీ పట్టుకుని వెళ్లి ఖాళీగా తిరిగొచ్చిన ఇళ్ల లెక్కలో అది 15 వేలు. ఇక్కడ లోపించింది ఏమిటి? కంప్యూటర్ కారుందన్న ఇంటికి రద్దుకు ముందు ఒకసారి మనిషి వెళ్లి చూసే అంచె. ఆ అంచెకు ఖర్చవుతుంది, గడువు జరుగుతుంది. అయినా ఉండాల్సిందే అని మొదటి సమావేశంలోనే పట్టుబట్టే పని ప్రాజెక్టు మేనేజరుది.

ఎదురు ఉదాహరణలూ ఇక్కడివే. 2016 వానాకాలం ముందు పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో ఎస్ఎంఎస్‌లు పంపాయి. అక్కడ జూన్ మొదట్లో, మృగశిర కార్తె పేరు చెప్పి విత్తడం అలవాటు. ఆ ఏడు జూన్ చివరి వారం దాకా ఆగమని సలహా వచ్చింది. ఆగినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది. ఒక్క మండలం, ఒక్క పంటకాలం, చిన్న లెక్క, నిజమే. దాన్ని మించి నాకు నచ్చిందేమంటే రైతు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, యాప్ నేర్చుకోనక్కర్లేదు. మామూలు ఫోన్, తెలుగు అక్షరాలు, ఎప్పుడు విత్తాలో ఎప్పుడు ఎరువు వేయాలో చెప్పే నాలుగు ముక్కలు. రైతు చేతిలో ఏముందో చూసుకుని అక్కడి నుంచి వెనక్కి ప్లాన్ వేశారన్నమాట. ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో నడిచిన ‘సాగు బాగు’ కూడా అలాంటిదే. తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ చేతులు కలిపిన ఈ ప్రాజెక్టులో ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని నివేదించారు. ఈ అంకెలు నడిపినవాళ్లే ఇచ్చినవి అన్న జాగ్రత్త మనకుండాలి.

డేటా వెనకాల ఉండే మనుషుల గురించి ఎక్కువమంది మాట్లాడరు. 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టిన కథ గుర్తుండే ఉంటుంది. చాట్‌జీపీటీ నోట చెడు మాటలు రాకుండా చేయడానికి కెన్యాలో కొందరు గంటకు రెండు డాలర్ల కన్నా తక్కువ కూలికి రోజంతా హింస, అత్యాచారాల వర్ణనలు చదివి లేబుల్ వేశారు. వాళ్లు కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగులు. అంటే అసలు ప్రాజెక్టు ప్లాన్‌లో వాళ్లు మనుషులుగా లేరు, ఒక ఖర్చు పద్దుగా ఉన్నారు. ఇలాంటి పని మన దగ్గరా చాలానే జరుగుతోంది. బెంగళూరుకు చెందిన కార్య సంస్థ గంటకు ఐదు డాలర్ల లెక్కన ఇస్తూ, ఆ డేటా మళ్లీ అమ్ముడైతే దాన్ని తయారు చేసినవాళ్లకూ వాటా ఇచ్చే పద్ధతి పెట్టింది. మార్కెట్ మొత్తం అలా లేదు. లేబుల్ వేసే మనిషికి సందేహం వస్తే అడగడానికి ఎవరున్నారు, గంటకు ఎన్ని అని టార్గెట్ పెట్టి మళ్లీ నాణ్యత లేదని కోత వేస్తున్నామా, ఘోరమైన బొమ్మలు చూసేవాళ్లకు విరామం ఇస్తున్నామా? మానవత్వం సంగతి అటుంచి, డేటా బాగుండాలన్నా ఇవి అడగక తప్పదు. అలసిపోయిన మనిషి అన్నిటికీ ఒకే లేబుల్ నొక్కేస్తాడు.

టీమ్ లోపలి మనుషుల గురించి బోలెడు సాహిత్యం ఉంది కాబట్టి ఇక్కడ క్లుప్తంగా. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను లెక్కించినప్పుడు మంచి వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. అవి ఎక్కువ చేసినవి కావు, దాచకుండా చెప్పినవి. తర్వాత గూగుల్ తన 180 టీమ్‌లను పరిశీలిస్తే బాగా పనిచేసే టీమ్‌లలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన లక్షణం అదే, భయం లేకుండా నోరు విప్పగలగడం. మోడల్ తప్పు చెప్పడం మామూలే అయిన ఏఐ పనిలో దీని విలువ రెట్టింపు. మన ఆఫీసుల్లో ఇది అంత తేలిక కాదు. క్లయింట్ ముందు ‘నో ఇష్యూస్’ అనడం, సార్ అడిగితే ‘అయిపోతుంది సార్’ అనడం చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన విద్య. కాల్‌లో అందరూ సరేనన్నాక, జూనియర్ అమ్మాయి విడిగా మెసేజ్ పెట్టి టెస్ట్ డేటాలోని రికార్డులే ట్రెయినింగ్ డేటాలోనూ ఉన్నాయని చెబితే, మరుసటి రోజు ఆమె పేరెత్తి నలుగురిలో మెచ్చుకునే మేనేజర్ ఎంతమంది?

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాక పై అధికారులందరి చేతా సానుభూతితో మాట్లాడటం నేర్పే ‘నాన్‌వయలెంట్ కమ్యూనికేషన్’ పుస్తకం చదివించారని అందరూ చెప్పుకుంటారు. ఒకరినొకరు కరుచుకునే కంపెనీ సంస్కృతి మారిందన్నారు. 2025లో అదే కంపెనీ సుమారు 15 వేల మందిని ఇంటికి పంపింది. రెండూ నిజాలే. సానుభూతి మాటల్లో, మీటింగుల్లో ఉంటే సరిపోదనడానికి ఇది తప్ప వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దీన్నిబట్టి అసలు చిక్కు అధికారం దగ్గర వస్తుంది. యూరప్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఉద్యోగాలు, రుణాలు, ప్రభుత్వ సాయం లాంటి ముప్పు ఎక్కువున్న వ్యవహారాల్లో వాడే ఏఐ మీద మనిషి నిఘా ఉండాలని, ఆ మనిషి అవసరమైతే యంత్రం మాటను పక్కన పెట్టగలగాలని, పని ఆపగలగాలని అందులోని 14వ అధికరణం చెబుతుంది. యూరప్ క్లయింట్లకు పని చేసే హైదరాబాద్ టీమ్‌లకూ ఇది తగులుతుంది. కాగితం మీద బాగుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్-1బి మీద ఉన్న తెలుగు మేనేజరు ‘ఈ మోడల్‌ను ఈ నెల విడుదల చేయొద్దు’ అనగలడా? ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవడానికి ఆయనకున్నది 60 రోజులు. పిల్లల స్కూలు, ఇంటి లీజు, గ్రీన్‌కార్డు వరస అన్నీ ఆ 60 రోజుల్లో ఉంటాయి. ధైర్యం చెయ్యమని వ్యాసాల్లో రాయడం సులువు. ఆపే హక్కు ఆయన గుండెధైర్యం మీద కాకుండా ప్రాజెక్టు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి: ఏ అంకె ఎంత దాటితే ఎవరి సంతకంతో ఆగుతుందో మొదటి వారంలోనే రాసుకుంటే, తర్వాత ఆపినవాడు చెడ్డవాడు కాడు. మంచి ఏఐ మేనేజర్లు ఈ పని చడీచప్పుడు లేకుండా మొదట్లోనే పూర్తి చేసేస్తారు.

మనుషులను తీసేసి యంత్రాన్ని పెడితే లాభమనుకున్న చోట కూడా లెక్క తేలలేదు. స్వీడన్‌కు చెందిన క్లార్నా కంపెనీ 2024లో తన ఏఐ సహాయకుడు 700 మంది కస్టమర్ సర్వీసు ఏజెంట్ల పని చేస్తోందని చాటుకుని, మరుసటి ఏడాదే నాణ్యత కోసం మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి తప్పుడు సమాచారం ఇస్తే, ఆ బాట్ చెప్పినదానికీ కంపెనీదే బాధ్యత అని 2024లో అక్కడి ట్రైబ్యునల్ తేల్చింది.

మరి ఈ వృత్తిలోకి ఎలా రావాలి? అమీర్‌పేటలో అడిగితే సర్టిఫికెట్ అంటారు. 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే పీఎంపీకి విలువ ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు. 2021లో మార్చినప్పుడు పరీక్షలో 42 శాతం మనుషులకు సంబంధించిన భాగానికే ఇచ్చారు. అదే సంస్థ 2024లో కాగ్నిలిటికా అనే కంపెనీని కొని ఏఐ ప్రాజెక్టుల కోసం సీపీఎంఏఐ సర్టిఫికెట్‌ను తన గొడుగు కిందికి తెచ్చుకుంది. రెజ్యూమె వడపోతలో ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ఈ పనికి నేను పైన చెప్పిన ఉదంతాలు కోరేది వేరే సరుకు: ఒక రంగం లోతుగా తెలిసి ఉండటం. అందుకే వ్యవసాయ విస్తరణాధికారిగా చేసినవాళ్లు, ఆసుపత్రిలో పదేళ్లు నర్సుగా ఉన్నవాళ్లు, బ్యాంకు రికవరీ విభాగంలో జనంతో వేగినవాళ్లు, బడిపంతుళ్లు ఈ రంగంలోకి రాగలరని నమ్ముతున్నాను. వాళ్లు మోడల్ రాయనక్కర్లేదు. ట్రెయినింగ్ డేటా, టెస్ట్ డేటా ఎందుకు వేరుగా ఉండాలో, తప్పుగా అవునన్నదానికీ తప్పుగా కాదన్నదానికీ తేడా ఏమిటో, ప్రాంప్ట్ మారితే జవాబు ఎలా మారుతుందో తెలిస్తే చాలు. ఆరు నెలలు శ్రద్ధగా కూర్చుంటే వచ్చే చదువు అది. రోగి ముఖం చూసి ఏదో దాస్తున్నాడని పసిగట్టడం ఆరు నెలల్లో రాదు.

ఐటీలో ఇప్పటికే ఉన్నవాళ్లకు కొన్ని పాత అలవాట్లు వదిలించుకునే పని ఉంది. అంచనాలు వేయడం అందులో మొదటిది. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లకు ఏఐ పనిముట్లు ఇచ్చి చూస్తే, పని 19 శాతం ఆలస్యమైంది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా అయిందనే అనుకున్నారు. చిన్న ప్రయోగమే, పనిముట్లూ రోజురోజుకూ మారుతున్నాయి. అయినా ‘ఏఐ ఉందిగా, సగం టైమ్‌లో ఇచ్చేయండి’ అనే క్లయింట్ ముందు ఈ ఒక్క ఫలితం పట్టుకుని మాట్లాడవచ్చు. రెండోది ఇంటర్వ్యూ. కంపెనీ మనల్ని అడిగేది ఎలాగూ అడుగుతుంది. మనం అడగాల్సింది: ఈ మోడల్ పొరబడితే మొదట ఎవరికి ఫోన్ వస్తుంది? దాన్ని వాడబోయేవాళ్లను టీమ్‌లో ఎవరైనా కలిశారా? లేబులింగ్ ఎవరు చేస్తున్నారు, వాళ్లతో మాట్లాడే వీలుందా? జవాబు చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఆ ప్రాజెక్టు స్థితి కొంత అర్థమైనట్టే.

ఈ వ్యాసానికి దొరకని జవాబు ఒకటుంది. ఇవాళ నలభైకి దగ్గరపడుతున్న మేనేజర్లలో చాలామంది మొదటి రెండేళ్లు టెస్టింగ్‌లోనో, రాత్రి షిఫ్టు సపోర్టులోనో గడిపినవాళ్లు. ఒహాయోలో గోడౌన్ గుమాస్తా ఒకాయన విసుక్కుంటూ ఫోన్ చేస్తే, ఆయన అడుగుతున్న బటన్ వెనక అసలు ఇబ్బంది ఏమిటో పావుగంట విని కనుక్కోవడం వాళ్లు నేర్చుకున్నది ఆ షిఫ్టుల్లోనే. తిట్లు తిన్నారు, నిద్ర పోగొట్టుకున్నారు, మనుషుల్ని చదవడం వచ్చింది. ఏఐకి ముందుగా అప్పగిస్తున్నది ఆ పనులనే. క్యాంపస్ నియామకాల్లో ఆ సీట్లు తగ్గుతున్న కొద్దీ, పదేళ్ల తర్వాత ఏఐ ప్రాజెక్టులు నడపాల్సిన వాళ్లకు ఆ రెండేళ్ల బడి ఎక్కడ పెడతారో కంపెనీలు ఇంకా చెప్పడం లేదు. కాలేజీలను అడిగితే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఎలెక్టివ్ ఉందంటున్నాయి.